రెండో పుట్టుమచ్చ

మా సార్ పోయారని తెలిసిన వారంలోనే మా కాలేజీ సాఫ్ట్‌వేర్ కూడా పోతోందని తెలిసింది. మొదటి కబురు మంగళవారం పొద్దున స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఫోటో కింద అందరూ వరసగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మధ్యలో ఎవరో పొరపాటున బొటనవేలు బొమ్మ పెట్టి, నాలిక కరుచుకుని తుడిచేశారు. రెండో కబురు బుధవారం కంపెనీ మేడం ఫోన్ చేసి చెప్పింది.

"పాత సాఫ్ట్‌వేర్ శనివారం సాయంత్రం ఆపేస్తున్నామండి. అందులో మీవాళ్లు చేసుకున్న వ్యూలు నూట పదహారు ఉన్నాయి. కొత్తదాంట్లోకి పదే వస్తాయి. ఏ పది కావాలో మీ ప్రిన్సిపల్ గారితో సంతకం పెట్టించి పంపండి."

ఆ నూట పదహారూ, అంటే పేరు పెట్టి దాచుకున్న లిస్టులు, మా సార్ చేసినవే. నూట పదిహేను పోయినా నేను ఏడవను. ఒక్కటి మాత్రం పోగూడదు. దాని పేరు "ఎవ్వరు అడగనోళ్లు". అది ఉండబట్టే నేను ఈ కుర్చీలో ఉన్నాను. కానీ కొత్త ప్రిన్సిపల్ మేడంకు పనికిరానిది కంటపడితే చిరాకు. వచ్చిన వారంలోనే ఆఫీసులోని పాత క్యాలెండర్లన్నీ పీకించింది. ఆ పేరు చదివితే ఏమంటుందో ఊహించుకుని బుధవారం నుంచి నాకు అన్నం సయించలేదు.

సార్ అంటే పాఠం చెప్పే సార్ కాదు. జగిత్యాలలో మా డిగ్రీ కాలేజీ ఆఫీసులో, అడ్మిషన్ల సీటులో ఉండే సీనియర్ అసిస్టెంటు. ఊరేది సార్ అని ఎవరైనా అడిగితే చాలు, "పుట్టినిల్లు సిరిసిల్ల, మెట్టినిల్లు కోరుట్ల, తిట్లు తినుడు జగిత్యాల" అనేవారు. ఇల్లరికం వెళ్లిన సంగతిని అంత గర్వంగా చెప్పుకునే మగమనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

ఆయనకు ఒక రోగం ఉండేది. అవసరం లేనిది కంటికి కనబడితే తట్టుకోలేకపోయేవారు. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో విద్యార్థి పేరు పక్కన నలభై గళ్లుంటాయి: తండ్రి పేరు, ఊరు, మండలం, ఫోను, బస్ పాసు, రక్తం గ్రూపు, పుట్టుమచ్చలు, ఇంకా మనిషికి పనికొచ్చేవీ పనికిరానివీ అన్నీ. మనకు కావాల్సింది పేరూ ఫోనూ. తెర మీద మాత్రం నలభై గళ్లూ పరుచుకుని కూర్చుంటాయి. మిగతా గుమస్తాలు కండ్లు చికిలించుకుని ఎలాగో నెట్టుకొచ్చేవారు. మా సార్ సిరిసిల్లలో వాళ్లన్న బట్టల కొట్టు నుంచి చీరెల డబ్బాలు తెచ్చి, అట్టను మానిటర్ కొలతకు కత్తిరించి, కావాల్సిన గళ్లున్న చోట కిటికీలు కోసి, తెరకు ఆనించి చూసేవారు.

"సాంచ మీద వేల పోగులుంటయి," అనేవారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. "నేతాయినకు తెగిన పోగొక్కటి కనబడాలె. అన్ని పోగులు చూసుకుంట కూసుంటె తెగింది తెగినట్టే ఉంటది."

ఒక్కో పనికి ఒక్కో అట్ట. గోడకు మేకులు, మేకులకు దారాలు, దారాలకు అట్టలు వేలాడుతుండేవి. వాటి మీద స్కెచ్ పెన్నుతో "ఫోన్లు", "బస్ పాసులు", "ఫోటో ఇయ్యనోళ్లు" అని రాసి ఉండేది. కిటికీలు గళ్ల మీదికి సరిగ్గా రావాలంటే మానిటర్ వెంట్రుకవాసి కూడా కదలగూడదు. అందుకని ఇంట్లో భార్య గోళ్లరంగు సీసా తెచ్చి, మానిటర్ అడుగు చుట్టూ టేబుల్ మీద ఎర్రగీత గీశారు. ఊడ్చే ఆమె ఎప్పుడైనా గుడ్డతో తుడుస్తూ దాన్ని జరిపితే ఆ పూట ఆఫీసు దద్దరిల్లేది.

"ఎవలు కదిపిండ్లు నా కిటికీలు? బుగ్గారం పిల్ల ఫోన్ నంబర్ల జాగల రక్తం కనబడుతున్నది నాకు!"

పెద్ద మానిటర్ వచ్చిన నాడు అట్టలన్నీ ఒక్క దెబ్బకు పనికిరాకుండా పోయాయి. ఆ మధ్యాహ్నం సార్ అన్నం డబ్బా తెరవలేదని అటెండర్ మామ ఇప్పటికీ చెబుతాడు. అప్పటికే ఆయనకు అట్ట సార్ అని పేరు పడింది. ఎదురుగా మాత్రం ఎవరూ అనేవారు కాదు, ఆయనే ఫోనెత్తి "హలో, అట్ట సార్‌ను" అనేవారు.

ఆ తర్వాత కంపెనీవాళ్లు శిక్షణకు వచ్చి, వ్యూ అనేది ఒకటి ఉందని చూపించారు. ఏ గళ్లు కావాలో టిక్కు పెట్టడం, ఎవరు కావాలో షరతు పెట్టడం, దానికో పేరు పెట్టి దాచుకోవడం, అంతే. రేపు ఆ పేరు నొక్కితే అవే గళ్లు, ఆ మనుషులే కనబడతారు. సార్ నోరు తెరుచుకుని చూశారట. చూసి ఒకటే ప్రశ్న అడిగారట.

"అంటే అట్ట లోపట్నే ఉన్నదా?"

ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేకపోయారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు పూటకో వ్యూ చేశారు. "బాపు దుబాయిల, శుక్రవారం ఫోన్ చెయ్యాలె" అని ఒకటి, ఎందుకంటే అప్పట్లో అక్కడ తండ్రులకు సెలవు ఆ రోజే. "బుగ్గారం బస్సోళ్లు, మొదటి గంట తిట్టవద్దు" అని ఒకటి. "ఒక్కటే పేరు ముగ్గురు" అని ఒకటి. "ఫోన్ ఎత్తని బాపులు" అని ఒకటి. ఈ చివరిదాన్ని దాచేటప్పుడు "నాకు మాత్రమే" అన్న చోట కాకుండా "అందరికీ, ఎప్పుడూ" అన్న చోట నొక్కారు. మర్నాడు పొద్దున అప్పటి ప్రిన్సిపల్ సార్ కంప్యూటర్ తెరిస్తే మొత్తం కాలేజీలో పదకొండు మంది విద్యార్థులున్నారు. ఆయన కండ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. పదకొండే. వరండాలోకి పరుగెత్తి క్లాసుల్లోకి తొంగిచూసి, పిల్లలు కళ్లముందే కూర్చుని ఉన్నా నమ్మకం కుదరక, అటెండర్ మామతో తలలు లెక్కపెట్టించాడు.

"ఎవ్వరు అడగనోళ్లు" వ్యూ ఎలా పుట్టిందో నాకు తెలియదు. ఎవరినీ అడగకుండా చేసుంటారు. దాని షరతులు ఇవి: రిమార్కు గడి ఖాళీ, ఫిర్యాదు గడి ఖాళీ, బహుమతి గడి ఖాళీ, తల్లిదండ్రులు వచ్చిన తేదీ గడి ఖాళీ. అంటే తిట్టడానికి గానీ మెచ్చుకోవడానికి గానీ కాలేజీ ఎన్నడూ తలుచుకోని పిల్లలు. వాళ్లకోసం ఇంటినుంచి కూడా ఎవరూ వచ్చి ఉండరు. సార్ రోజుకొకరిని ఆ లిస్టులోంచి ఆఫీసుకు పిలిపించేవారు.

నన్ను పిలిచింది డిగ్రీ రెండో ఏట. మా కాలేజీలో ఆఫీసుకు పిలిచారంటే తప్పైనా చేసి ఉండాలి, కాగితమైనా తక్కువై ఉండాలి. తప్పు చేసే ధైర్యం నాకు లేదు. ఏ కాగితమో అనుకుంటూ పోయి నిలబడ్డాను. సార్ తెర మీదినుంచి కండ్లు తిప్పకుండా అడిగారు.

"బస్సుల ఏ సీట్ల కూసుంటవ్?"

ఇది ఏ నేరం కిందికి వస్తుందో నాకు అర్థం కాలేదు.

"నిలవడి అస్త సార్. బుగ్గారం బస్సుల సీటు దొరకది."

"పొద్దున ఏం తిన్నవ్?"

"సద్ది సార్."

"మీ ఇంట్ల గట్టిగ మాట్లాడేది ఎవలు?"

"మా అవ్వ."

"మరి నువ్వు?"

నేను మాట్లాడలేదు. సార్ కూడా నన్ను వదిలేసి కంప్యూటర్ మీద పడ్డారు. ఆ పూట ఆయన పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ, అంటే సిరిసిల్ల పిల్లలూ కోరుట్ల పిల్లలూ, ఒక్క చోట కనబడేట్టు ఒక వ్యూ చేస్తున్నారు. నొక్కిన ప్రతిసారీ ఎవరూ లేరని వస్తోంది.

"ఎందుకస్తలెవ్వే?" అని కంప్యూటర్‌ను గద్దించారు. "ఊరు సిరిసిల్ల అన్న. ఊరు కోరుట్ల అన్న. రెండూ ఉన్నయి గదా! ఎందుకస్తలెవ్వు?"

అడిగింది కంప్యూటర్‌ను. కానీ చాలాసేపటి నుంచి అది జవాబు చెప్పడం లేదు, అక్కడ ఉన్నది నేనొక్కదాన్నే.

"రెండు ఊర్లల ఒక్కసారే ఎట్ల ఉంటరు సార్?" అన్నాను. "గా నడుమ అండ్ తీసి ఆర్ పెట్టుండ్రి."

సార్ ఇటు తిరిగారు. "ఎందుకుండరు? నేను ఉంటలేనా రెండు ఊర్లల?"

"మీరు ఉంటరు సార్. గని మీరు చదువుకునే పిల్లగాడు కాదు గదా."

ఆర్ పెట్టి నొక్కారు. పద్నాలుగు పేర్లు జలజల వచ్చి పడ్డాయి. సార్ ఆ పేర్లకేసి చూడనేలేదు. నా వైపే చూస్తూ, నా పేరున్న వరసను వెతికి తెరిచి, ఏదో టైపు చేసి, నాకు కనబడకుండా అడ్డంగా ఒక పాత అట్ట పెట్టి, సేవ్ నొక్కారు.

"లిస్టుల నుంచి పోయినవ్ బిడ్డా. ఇగ నడువు."

లిస్టులోంచి పోవడమంటే పేరు కొట్టేయడమే గదా. అండ్ ఆర్ అని పెద్దమనిషికి ఎదురు చెప్పినందుకు నా చదువు ముగిసిపోయిందనుకున్నాను. బుగ్గారం దాకా బస్సులో నిలబడి ఏడ్చుకుంటూ పోయాను. కండక్టర్ టికెట్ కూడా అడగలేదు, నేనే పిలిచి ఇచ్చాను, అంత బుద్ధిమంతురాలిని.

మర్నాడు మా అవ్వ, అంటే మా అమ్మ, బీడీల చాట పక్కన పెట్టి, కొంగు నడుముకు దోపి నాతో కాలేజీకి వచ్చింది. అంతవరకు ఆమె ఆ గేటు చూడలేదు. ఆఫీసు కిటికీ దగ్గరే మొదలుపెట్టింది.

"నా బిడ్డ ఏం జేసింది సారూ? ఎందుకు తీసేసిండ్లు పేరు?"

సార్ లేచి నిలబడ్డారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"రా అక్కా, కూసో. రెండేండ్ల సంది నీ కోసమే చూస్తున్నం." అటెండర్ మామను కేకేశారు. "చాయ్ తే! అడిగెటోళ్లు అచ్చిండ్లు!"

ఏది ఏ లిస్టో తెలిసేసరికి గంట పట్టింది. బయటికి వచ్చి మా అవ్వ నాతో అన్నమాట ఇప్పటికీ గుర్తు. "మంచి సారే గని జర తిక్కున్నట్టున్నది. బీడీలు చుట్టుకుంట ఏం పాట పాడుతవక్కా అని అడిగిండు." నువ్వేం చెప్పినవే అని అడిగితే, "చెప్పుడేంది, పాడిన" అంది.

ఇలా పిలిచిన ప్రతి ఒక్కరి రిమార్కు గడిలో సార్ ఒక మాట రాసేవారు. మామూలుగా ఆ గడిలో "ప్రవర్తన తృప్తికరం" అని ఉంటుంది. మా సార్ రాసినవి వేరు. "నవ్వితె ఎక్కిళ్లు ఆగవు." "అద్దం కనబడితె ఆగుతడు." "మేకలకు ఇంటిపేర్లు పెట్టింది." ఎవరో తనిఖీకి వస్తున్నారని ప్రిన్సిపల్ సార్ ఒకనాడు అవి చదివి, తల పట్టుకుని, సాయంత్రంలోగా రిమార్కులన్నీ తుడిచేయమన్నాడు. సార్ సరే అన్నారు. తుడిచారు కూడా. తుడిచేముందు అన్నింటినీ ఎత్తి పుట్టుమచ్చల గడిలో పెట్టారు. ప్రతి విద్యార్థికీ రెండు పుట్టుమచ్చలు రాయాలని రూలు. మొదటిది ఎవరికైనా ఉంటుంది. రెండోది వెతికే ఓపిక ఎవరికీ ఉండదు, అందుకని ఆ గడి ఎప్పుడూ ఖాళీయే. వ్యూలో షరతు కూడా మార్చేశారు: రెండో పుట్టుమచ్చ ఖాళీగా ఉన్నవాళ్లు ఎవరూ అడగనివాళ్లు.

"పుట్టుమచ్చ ఎవలు చూస్తరు?" అన్నారట అటెండర్ మామతో.

కాలేజీ వదిలిపోయేటప్పుడు ఇచ్చే టీసీ మీద పుట్టుమచ్చలు అచ్చవుతాయన్నది, పాతికేళ్లుగా టీసీలు ఇస్తున్న మనిషి మరిచిపోయారు.

ఆ ఏడు చివరి సంవత్సరం పిల్లల టీసీలన్నీ అలాగే పోయాయి. ఎక్కిళ్ల అబ్బాయి కరీంనగర్‌లో పైచదువుకు పోతే, అక్కడి గుమస్తా టీసీ చదివి, మనిషి ఇతనేనా కాదా చూద్దామని ఒక జోకు చెప్పాడట. ఎక్కిళ్లు మొదలయ్యాయి. మంచినీళ్లు తెప్పించి, వీపు తట్టి, ఇతనేనని రాసుకుని చేర్చుకున్నారట. అద్దం అబ్బాయి వాళ్ల బాపు అప్పుడే దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. టీసీ పట్టుకుని కోరుట్ల నుంచి తెల్లారేసరికి ఆఫీసుకు దిగాడు.

"గిదేం మచ్చ సార్? ఏ డాక్టర్‌కు చూపెట్టాలె?"

సార్ నింపాదిగా అడిగారు. "జాతరల మీ పోరడు తప్పిపోయిండనుకో. చెంప మీది మచ్చ పట్టుకొని దేవులాడుతవా, అద్దాల దుకాణంకాడికి పోతవా?"

ఆయన టీసీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దుకాణంకాడికే పోత," అన్నాడు. కోపం పోయి నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే ఇంకేదో కూడా వచ్చింది. "నాలుగేండ్లాయె సార్ నేను వాణ్ని చూడక. అద్దం ముచ్చట నాకెర్కనే లేదు."

ఆయన క్షమించాడు గానీ ప్రిన్సిపల్ సార్ క్షమించలేదు. మెమో ఇచ్చి, పాస్‌వర్డ్ తీసేసుకుని, రిటైర్మెంటుకు ఎనిమిది నెలలుండగా సార్‌ను పాత రికార్డుల గదిలోకి పంపాడు. ఆ సీటుకు ఆపరేటర్ కావాలని పిలిస్తే నేను ఇంటర్వ్యూకు పోయాను. ప్రిన్సిపల్ సార్ నా టీసీ తీసి చదివాడు. పుట్టుమచ్చలు, ఒకటి, ఎడమ మోచేయి మీద. రెండు, "అడిగితె చెప్తది".

కండ్లు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచి, "సరే అడుగుతున్నా. ఆ సీట్లో కూర్చుంటే ఆ పిచ్చి వ్యూలన్నీ తీసేస్తావా?" అన్నాడు.

"తియ్యను సార్."

"ఎందుకు?"

చెప్పాను. దుబాయి బాపులకు శుక్రవారమే ఎందుకు ఫోన్ చేయాలో చెప్పాను, బుగ్గారం బస్సు సంగతి చెప్పాను, నన్ను పిలిచిన రోజు చెప్పాను. పుట్టి బుద్ధెరిగి అంతసేపు నేను మాట్లాడిందే లేదు. వారం తర్వాత ఉద్యోగం వచ్చింది. సార్ సీటు నాకు రావడం నాకు సిగ్గుగానే ఉండేది, ఆయనకు మాత్రం పండుగలా ఉండేది. రోజూ మధ్యాహ్నం రికార్డుల గదిలోంచి దుమ్ము దులుపుకుంటూ వచ్చి, పాస్‌వర్డ్ లేదు కాబట్టి లోపలికి రాకుండా, కిటికీ బయట నిలబడి అడిగేవారు.

"గా వ్యూ తెరువు బిడ్డా. ఎంత మంది ఉన్నరు?"

"నూట నలభై సార్."

"ఒక్కర్ని పిలువు."

"పిలుస్త సార్."

మొదట్లో పిలిచాను. తర్వాత అడ్మిషన్లని, పరీక్షలని, పిలుస్తాననేదాన్నే గానీ పిలిచేదాన్ని కాదు. రిటైరయ్యాక కోరుట్ల నుంచి ఫోన్ చేసి అదే అడిగేవారు. నేను ఏదో ఒక అంకె చెప్పేదాన్ని. ఈ ఎండాకాలంలో చివరిసారి చేసినప్పుడు కౌంటర్ దగ్గర జనం ఉన్నారు. "మళ్ల చేస్త సార్" అన్నాను. చేయలేదు. బుధవారం కోరుట్ల పోయి ఆయన భార్య ముందు కూర్చుని, ఒక్క ముక్క మాట్లాడలేక, మంచినీళ్లు తాగి లేచి వచ్చాను. ఆ వ్యూ కూడా పోతే ఇక నేను ఏ మొహం పెట్టుకుని ఆ సీట్లో కూర్చోవాలి?

శనివారం నాలుగింటికి కాగితం పట్టుకుని మేడం గదికి పోయాను. పది పేర్లు రాసుకున్నాను, "ఎవ్వరు అడగనోళ్లు" పదోది. మేడం తొమ్మిదింటికి టిక్కు పెట్టి పదోదాని దగ్గర ఆగింది.

"ఇదేమిటి? ఇలాంటి పేరు కాలేజీ రికార్డులో ఉండొచ్చా? తీసెయ్. దీని బదులు ఇంకేదైనా పెట్టు."

"ఒక్కసారి చూడండి మేడం," అని కొత్త సాఫ్ట్‌వేర్‌లో దాన్ని తెరిచాను. నిన్ననే దాంట్లో ఆ షరతు పెట్టి సిద్ధంగా ఉంచుకున్నాను. ఆ కంగారులో ఒకటి చూసుకోలేదు. కొత్తదాంట్లో ఏ వ్యూ అయినా ముందు ఎవరి మీద అని అడుగుతుంది. మొదట ఉన్నది సిబ్బంది, దాని కింద విద్యార్థులు. నేను మొదటిదే నొక్కేశాను.

ఎవ్వరు అడగనోళ్లు: ఇరవై ఆరు మంది. అందరికంటే పైన మేడం పేరు.

 నా ఉద్యోగం కూడా ఈ లిస్టుతోనే పోయిందనుకున్నాను.

"నా పేరు ఎందుకొచ్చింది?"

అడిగింది కాబట్టి చెప్పాను. "మీ రెండో పుట్టుమచ్చ ఖాళీగా ఉంది మేడం. అంటే మీ గురించి ఎవరూ ఏమీ అడగలేదని." ఆపుదామనుకున్నా ఆగలేదు. అట్టలు, పోగులు, ఎక్కిళ్లు, అద్దం, మా అవ్వ పాట, అన్నీ చెప్పేశాను. మేడం తెరనే చూస్తూ విన్నది.

"నన్ను ఏమని అడుగుతుండె గా సార్?" అంది. ఆమె సొంతూరు బోయినపల్లి, ఆ ఊరి మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి.

"ఏమన్న అడుగుతుండె మేడం. చిన్నప్పుడు మీకు ఏం వస్తుండె అని..."

మేడం తలుపు వైపు చూసింది. దగ్గింది. ఆ తర్వాత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఎర్రబస్సు హారన్ కొట్టింది. ఊరి మలుపు తిరిగేటప్పుడు డ్రైవర్ సాగదీసి కొట్టే హారన్, చివర్లో ఆ బొంగురుతో సహా. అటెండర్ మామ వరండాలోంచి పరుగెత్తుకొచ్చి, "బస్సు లోపటికి అచ్చిందా?" అని గది నలుమూలలా చూశాడు.

"ఊర్లె బస్సు రాకముందే నేను కొడితె అందరు సంచులు పట్టుకొని ఉరికేది," అంది మేడం. ముఖం ఎర్రబడింది. "ఉద్యోగం వచ్చినంక ఎన్నడు కొట్టలె. ఎవలు అడుగుతరు?"

ఆమె చూస్తుండగానే రెండో పుట్టుమచ్చ గడిలో రాశాను: "నోటితోటి బస్సు తెస్తది." లిస్టు ఇరవై ఐదయింది. మేడం పదోదానికి టిక్కు పెట్టి సంతకం చేసింది. "సోమవారం సంది రోజుకొక్క పిల్లను పిలువు. నా దగ్గరికి కూడ తోలు," అంది.

సీటుకు వచ్చి కాగితం కంపెనీకి పంపాను. తెర మీద ఆ లిస్టు అలాగే ఉంది. రిటైరైనవాళ్లు చివర ఉన్నారు. అందరికంటే కింద, సార్ పేరు. మొదటి పుట్టుమచ్చ: కుడి బొటనవేలి మీద కత్తెర గాటు. రెండోది ఖాళీ.

అన్నేళ్లు అందరి గడులూ నింపిన మనిషి గడిలో ఒక్క అక్షరం లేదు. రాద్దామని చేతులు పెట్టాను. అట్టలని రాయనా? అవి ఊరందరికీ తెలిసినవే, దానికి ఎవరూ ఏమీ అడగక్కర్లేదు. నేను ఆయన్ని ఏం అడిగాను? బస్సులో ఏ సీట్లో కూర్చుంటానో నన్ను అడిగారు. ఏళ్ల తరబడి కోరుట్ల నుంచి బస్సులో వచ్చిపోయిన మనిషిని, మీరే సీట్లో కూర్చుంటారు సార్ అని నేను ఒక్కనాడూ అడగలేదు. ఏడుపొచ్చింది. ఫోన్ తీసి కోరుట్లకు చేశాను.

"అమ్మా, నేను. మొన్న అచ్చి ఏం మాట్లాడకుంట పోయిన పిల్లను."

"చెప్పు బిడ్డా."

"ఒక్కటి అడుగుత, ఏమనుకోవద్దు. సార్ బస్సుల ఏ సీట్ల కూసుంటుండె?"

 తప్పు చేశాననుకున్నాను. అప్పుడు ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియని గొంతుతో చెప్పింది.

"కూసునుడెక్కడిది బిడ్డా! సీటు దొరికినా కూసోడు. ఎవలో ముసలవ్వనో, పిల్లనో పిలిచి కూసోవెడతడు. పక్కపొంటి నిలవడి జగిత్యాల దాక ముచ్చట అడుగుతడు. ఇంటికచ్చినంక కాళ్లు గుంజుతున్నయి, నూనె రాయుమంటుండె." ఆగి, "ఐదు దినాల సంది వచ్చినోళ్లందరు ఎట్ల పోయిండు అని అడిగిండ్లు గని, ఎట్ల ఉంటుండె అని ఎవ్వలడుగలె," అంది. ఆ తర్వాత ఇంకో గంట చెప్పింది. నేను అడుగుతూనే ఉన్నాను.

ఫోన్ పెట్టేసి గడిలో రాశాను: "సీటు దొరికినా కూసోడు."

సేవ్ నొక్కాను. ఇరవై ఐదు ఇరవై నాలుగయింది. సార్ లిస్టులోంచి పోయారు.

ఈసారి కూడా బుగ్గారం దాకా నిలబడి ఏడ్చుకుంటూనే పోయాను. బస్సులో సీటు ఖాళీ ఉంది.